డోర్ నంబర్ లేని గది

ఎవరి కంప్యూటర్ మీదైనా ‘మెమరీ చాలదు’ అన్న పెట్టె కనపడితే చాలు, నా చెయ్యి ఫ్యాన్ స్విచ్ మీదికి పోతుంది. ఫ్యాన్‌కీ మెమరీకీ ఏ సంబంధమూ లేదు. ఆ మాత్రం నాకు తెలీదా? వన్ టౌన్ సందుల్లో కంప్యూటర్లు బాగుచేసి పెళ్లాం పిల్లల్ని పోషిస్తున్నవాణ్ణి. అయినా ఈమధ్య ఒక పప్పుల షావుకారు తన పాత కంప్యూటర్ డబ్బా మోయించుకొచ్చి, అది ఆ పెట్టె చూపించి మొండికేయగానే, నేను లేచి ఫ్యాన్ ఆపేశాను. ఆయన చెమటలు కక్కుకుంటూ, “ఏటి భాయ్, కరెంటు బిల్లుకి బయపడతన్నావా?” అన్నాడు. “ఉష్, మాట్లాడకండి,” అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ మాట నాది కాదు, ఆవిడది.

ఆవిడకి పేరుంది. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కనక నేనూ రాయను. అందరికీ అక్కే. నా కొట్టుకి ఎదురుగా, సందుకి అవతల, మెట్టెక్కితే తల తగిలే చిన్న గదిలో కూర్చునేది. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, కూడళ్లలో కట్టే ఫ్లెక్సీలు, అన్నింటికీ బొమ్మలూ అక్షరాలూ కూర్చేది. పొద్దున్నే జాలరిపేట నుంచి షేర్ ఆటోలో దిగేది. చేతుల నిండా ఎర్ర మట్టిగాజులు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. మౌసుని, మా భాషలో ఎలుకని, పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే గాజుల చప్పుడు నా కొట్టులోకి వినపడేది. ఇప్పుడు ఆ గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మధ్యాహ్నంపూట సందు సద్దుమణిగితే గాజులు వినపడినట్టుంటుంది. తల ఎత్తి చూస్తాను. చూసి, సిగ్గుపడి, పనిలో పడతాను.

కంప్యూటర్‌తో ఆవిడ మాట్లాడేది. బస్సులో సీటు కోసం పక్కామెని బతిమాలినట్టు, “ఓలమ్మ, కాసింత సోటు సెయ్యే! ఒక్క బొమ్మే కదేటి, సర్దుకో తల్లీ,” అనేది. అది వింటే సరే, వినకపోతే డబ్బా నెత్తి మీద గాజులతో రెండు మొట్టికాయలు. “అక్కా, అది యంత్రం, దానికి చెవుల్లేవు,” అంటే నా మీద ఒంటికాలి మీద లేచేది. “నీకున్నాయి కదేటి, నువ్వు మాత్రం వింటన్నావా?” అనేది.

మా ముస్లిం ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలకి మాలలుండవు. అందుకేనేమో ఆవిడ పని నాకు మొదట్లో వింతగా ఉండేది. చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మొహాలతో వచ్చి ఆధార్ కార్డు చేతిలో పెట్టేవారు. “నవ్విన ఫోటో ఏటీ నేదా నాయనా?” అని అడిగేది. ఉండదు. ఎవరి దగ్గరా ఉండదు. ఆ దొంగ మొహం ఫోటోనే తీసుకుని, పెదవుల చివర్లు రవ్వంత పైకి లేపేది. “మా నాన్న ఎప్పుడూ ఇలగ నవ్వనేదండి,” అని ఒకాయన బావురుమన్నాడు ఒకసారి. “ఇప్పుడు నవ్వనీ నాయనా. ఆయనకింక ఏటి బాదున్నాది?” అంది.

అన్నీ అయ్యాక ఆఖర్న మాల. అది మాత్రం తనంతట తాను వేసేది కాదు. చెయ్యి ఆపి, వెనక్కి తిరిగి, ఇంటివాళ్ల మొహంలోకి చూసి, “మాల ఏసీమంటారా?” అని అడిగేది. ఎవరో ఒకరు నోరు తెరిచి ‘వెయ్యి’ అనాలి. తల ఊపితే ఒప్పుకునేది కాదు. ఆ మాట వాళ్ల నోట్లోంచి రావాలి. అప్పటిదాకా ఆ మనిషి తెర మీద ఉత్తినే నవ్వుతూ కూర్చునేవాడు. ఈ ఆచారం ఎక్కడిదో ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలీదు. ఆవిడే పెట్టుకుంది.

ఇంకో ఆచారం ఫ్యాన్‌ది. పెద్ద ఫైలు ఏదన్నా తెరవాల్సి వస్తే మిగతా ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటీ మూసేసి, ఫ్యాన్ ఆపి, గదిలో ఉన్నవాళ్లందర్నీ “ఉష్, మాట్లాడకండి” అని కసిరేది. ఫైలు ఎంత తెరుచుకుందో చూపించే ఆకుపచ్చ గీత తెర మీద మెల్లగా పాకుతున్నంతసేపూ ‘అయిందా’ అని గాని, ‘ఎంతసేపు’ అని గాని ఎవరూ అడగకూడదు. అదేంటక్కా అంటే, “ఏటకెల్తన్నోడిని ఎనకనించి పిలుత్తారేటి? ఇదీ అంతే. ఎల్లనీ,” అనేది. జాలరిపేటలో మగాడు వేటకి బయల్దేరి ఇసకలో దిగాక ఆడవాళ్లు వెనకనించి పిలవరు. ఏది మర్చిపోయినా సరే, పిలవరు. ఆ కట్టుబాటు తెచ్చి ఈవిడ కంప్యూటర్‌కి పెట్టింది. నేను నవ్వాను. అప్పటికి నాకు సంగతి తెలీదు మరి.

ఆ కంప్యూటర్ పాతది. దానిలో సిస్టమ్ ఇంకా పాతది, ముప్పై రెండు బిట్ల రకం. తెలుగు టైపు చేసే ప్రోగ్రాము అంతకన్నా పాతది. డబ్బా వెనకాల డాంగిల్ అనే ఒక తాళం ముక్క గుచ్చితేనే పనిచేసేది, ఆ సిస్టమ్ తప్ప ఇంకోటి ఎక్కిస్తే అదీ పనిచేసేది కాదు. మార్చెయ్యమని చెప్పి చెప్పి నా నోట్లో తడారిపోయింది. “నా ఏళ్లకి ఆ అచ్చరాలే తెలుసు భాయ్,” అనేది, అంతే. సరే, కనీసం మెమరీ పెంచుదామని రెండు జీబీలు తీసి నాలుగు పెట్టాను. తెర మీద చూస్తే మూడు, పైన చిల్లర.

అంతే, సందు మొత్తం వినపడేలా మొదలెట్టింది. “నాలుగెట్టినానన్నావు! ఇది మూడు, సిల్లరంటన్నాది. ఒకటెక్కడికెల్లిపోనాది? నాకు సదువు నేదని టోపీ పెడతన్నావేటి?” నాకు ఒళ్లు మండింది. డబ్బా మూత ఊడదీసి మెమరీ ముక్కలు చూపించాను. “ఇదిగో, ఉందా లేదా? కళ్లు పెట్టి చూడు.” చూసింది. “మరి కనపడదేటి?” అంది.

కోపం దిగమింగి చెప్పాను. “అక్కా, ఈ పాత సిస్టమ్ మున్సిపాలిటీ గుమాస్తా లాంటిది. దాని దగ్గర ఉన్న డోర్ నంబర్లు కొన్నే. అందులో కొన్ని ముందే తెరకీ, ఇంకా లోపలున్న వాటికీ పంచేసింది. మిగిలిన నంబర్లు నీ గదులకి వేసుకుంటూ పోయింది. చివరి గదుల దగ్గరికి వచ్చేసరికి నంబర్లు అయిపోయాయి. గదులు ఉన్నాయి. నంబర్లే లేవు. నంబర్ లేని గదిలోకి అది వెళ్లలేదు.”

ఆవిడ ఆ ముక్కని వేలితో నిమిరింది. తిట్లు ఆగిపోయాయేంటా అని నేనే చూశాను. “అంటే గది ఉన్నాది. ఉత్తరం రాస్తే సేరదు,” అంది. అవునన్నాను. “మావోడూ అంతే భాయ్. ఉన్నాడు. నంబరు నేదు,” అంది.

ఆ రోజే చెప్పింది. పెళ్లైన కొత్తలో, వేట నిషేధం ఎత్తేసిన రోజు బోట్లన్నీ పూజలు చేసి బయల్దేరుతుంటే, వాళ్లాయన క్యారేజీ మర్చిపోయాడు. ఈవిడ దాన్ని పట్టుకుని పరిగెత్తింది. ఆయన అప్పటికే ఇసకలో చాలా దూరం పోయాడు. అత్తగారు చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగలేదట. “ఆకలేసి పడుంటాడని పిలిసీసినాను భాయ్. గొంతు సించుకుని పిలిసీసినాను. ఎనక్కి తిరిగినాడు. నవ్వినాడు. ‘నీ గొంతుకి సేపలన్నీ పారిపోతాయే’ అన్నాడు. కేరేజీ అందుకున్నాడు. ఎల్లినాడు.” గాలివాన వచ్చింది. మిగతా బోట్లు తిరిగొచ్చాయి. ఆ బోటు రాలేదు. చెక్కముక్క కూడా ఒడ్డుకి రాలేదు.

వాళ్లాయనది ఒకే ఒక్క ఫోటో ఉంది, ఎవరి పెళ్లిలోనో తీసింది, అంచున నిలబడి నవ్వుతున్నాడు. భుజం పక్కవాడి వెనకాల పోయింది. ఆ భుజం ఆవిడే గీసింది. ఈ పనంతా ఆవిడ నేర్చుకున్నది ఆ భుజం కోసమేనట. ఆ తర్వాత ఏటేటా బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగే రోజున ఆ ఫైలు తెరిచి, ఆయనకి ఒక ఏడు వయసు వేసేది. ఒకసారి చెంప కాస్త జారేది. ఒకసారి నుదుటి మీద గీత. కణతల దగ్గర వెంట్రుక నెరుపు. పాతది చెరిపేది కాదు. దాని మీద కొత్త పొర వేసేది. అలా పొరల మీద పొరలు, ఒక మనిషి మీద అదే మనిషి. ఫైలు పెరిగింది, పెరిగింది, ఆ పాత డబ్బా మోయలేనంత అయింది.

వాళ్ల అత్తగారు అప్పుడప్పుడు సందులోకి వచ్చేది. హార్బర్ దగ్గర చేపలమ్మి నడుం వంగిపోయిన ముసలమ్మ. కోడలి గది మెట్టు ఎక్కేది కాదు. కింద నిలబడే అడిగేది. “ఊరందరి బొమ్మలకీ మాలలేత్తావు. నా కొడుక్కి ఒక్క మాల ఎయ్యవే. గడ్డి బొమ్మ సేసి కర్మ సేసీద్దామే. ఆడు నీల్లల్లో నీల్లు నేక తిరుగుతన్నాడే.” ఆవిడ లోపలనించి, “నువ్వెల్లు అత్తా, ఎండెక్కతన్నాది,” అనేది. ఏనాడూ గొంతు పెంచలేదు. ముసలమ్మ కళ్లొత్తుకుని వెళ్లిపోయేది. ఎవరి పక్షం వహించాలో తెలీక నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తల దించుకునేవాణ్ణి.

ఆ పై ఏడు ఫైలు ఒక పట్టాన తెరుచుకోలేదు. బోట్ల రోజున పొద్దున్నే పిలిచింది. ఫ్యాన్ ఆపింది. తలుపు దగ్గరగా వేసింది. గీత సగం దాకా పాకి ఆగి, పెట్టె చూపించింది. మెమరీ చాలదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించాం. నేను అందులో ఉన్న అక్కర్లేని సరుకంతా తీసేశాను, అప్పుడెప్పటికో తెరుచుకుంది. ఆయన కనపడ్డాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, కొంచెం బుగ్గలు జారి, ఆ పెళ్లినాటి నవ్వే నవ్వుతున్నాడు. నాకు చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేకపోయాను. నా కళ్లెదుట ఒక మనిషి సముద్రంలో ముసలాడవుతున్నాడు.

“అక్కా, పొరలన్నీ కలిపేద్దాం. చిటికెలో తెరుచుకుంటుంది,” అన్నాను.

“కలిపితే పాతోళ్లు పోతారు కదేటి?”

“పైవాడు ఉంటాడుగా.”

“పైవోడు ఎవుడు భాయ్? ఆడిని నాను సేసినాను. అడుగునున్నోడే నాతో కాపరం సేసినోడు.”

నేను ఎలుక పట్టుకుని పొరల పట్టీ కిందికి లాగాను, ఎక్కడ బరువు తగ్గించొచ్చో చూద్దామని. అట్టడుగున, మొదటి ఫోటోకి సరిగ్గా పైన, ఒక పొర ఉంది. దాని పక్కన కన్ను గుర్తు మూసి ఉంది. అంటే అది వేసి, కనపడకుండా దాచిందన్నమాట. చిన్న బొమ్మలో బంతిపూల మాల. నేను దాని మీదికి పోబోతుంటే ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. అంత చల్లటి చెయ్యి నేనెప్పుడూ ఎరగను.

“ముట్టుకోకు. మా అత్త కోసరం ఏసినాను, మొదటేడే. ఏసి సూసినాను. ఆడు ఎనక్కి తిరిగినప్పుడు సూసినట్టే సూసినాడు భాయ్. మళ్లీ నానే పిలిసినట్టున్నాది. కన్ను మూసీసినాను.”

పెన్‌డ్రైవ్‌లో వేసి నా కొట్టులో కొత్త కంప్యూటర్ మీద తెరుద్దామని ఎంత బతిమాలానో! కొత్త సిస్టమ్‌కి డోర్ నంబర్ల కరువు లేదు, ఎంత పెద్ద ఫైలైనా ఒక్క గుక్కలో తెరుస్తుంది. వినలేదు. “దార్లో ఏటన్నా అయిపోతే?” అంది. కాపీ తీస్తాం, ఇక్కడిది ఇక్కడే ఉంటుంది అన్నాను. “ఎల్తాడు, మళ్లీ వొచ్చీత్తాడనే అప్పుడూ అన్నారు,” అంది. గోడకి చెప్పుకున్నట్టే. తర్వాతి ఏడు ఎంత చేసినా అది తెరుచుకోలేదు. ఆవిడ ఆ పెట్టెకేసి చూస్తూ, “ఓలమ్మ, సోటు సెయ్యే. ఒక్క మనిసే కదేటి,” అని అడుగుతూ కూర్చుంది. మొట్టికాయ కూడా వెయ్యలేదు.

నిరుడు వానాకాలం జ్వరమని ఇంట్లో పడుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైంది. ఆ బొట్టూ ఆ గాజులూ అలాగే ఉంచి సాగనంపారు. తియ్యమనే ధైర్యం జాలరిపేటలో ఎవరికీ లేకపోయింది. నేనూ వెళ్లాను. ఏడ్చాను కూడా, దానికి సిగ్గేం లేదు.

తర్వాత అక్క మరిది వచ్చాడు, పక్కన ముసలమ్మ. పెద్దకర్మ కార్డూ ఫ్లెక్సీ కావాలి. ఊళ్లో ఇంకెవరి దగ్గరికీ వెళ్లబుద్ధి కాలేదట. నాకు బొమ్మలు రావు మొర్రో అన్నా వినలేదు. మరిది చెప్పాడు: “మా వొదిన పేరుకి ముందు, కీర్తిశేషులు మా అన్న పేరేసి, ఆయన గారి భార్య అని ఎయ్యి భాయ్. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పెట్టీసి ఇద్దరికీ మాల ఏసీ. ఒక్క కర్మలో రెండూ అయిపోతాయి. అమ్మకీ మనసు కుదుటపడతాది.” ముసలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇన్నేళ్లూ కోడలి మెట్టు కింద నిలబడి ఆవిడ అడిగింది ఇదే. కాదనడానికి నేనెవర్ని?

గది ఖాళీ చేసినప్పుడు అక్క డబ్బా నా కొట్టులోకే తెచ్చి పెట్టుకున్నాను. దానిలోని డిస్కు ఊడదీసి కొత్త కంప్యూటర్‌కి తగిలించాను. ఫ్యాన్ ఆపాను. అవసరం లేదని తెలిసే ఆపాను. ఫైలు మీద నొక్కాను. గీత లేదు, పాకడం లేదు, పెట్టె లేదు. ఇంకా నేను ఊపిరి బిగపట్టకముందే ఆయన తెరంతా నిండిపోయి నవ్వుతూ కూర్చున్నాడు. ఇంత సులువా? ఆవిడ అన్నేళ్లు బతిమాలింది దీనికోసమా?

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు. వదిన ఏటేటా వయసు వేసేదని అతనికి తెలీదు. ఆ ఇంట్లో వాళ్లన్న ఇంకా పాతికేళ్ల కుర్రాడే.

నేను మాల తెచ్చి పెట్టడానికి ఎలుక కదిపాను. అప్పుడు నా చెయ్యి దానంతట అది ఆగింది. వెనక్కి తిరిగి, ముసలమ్మ మొహంలోకి చూసి, అక్క అడిగినట్టే అడిగాను. “మాల ఏసీమంటారా?”

ముసలమ్మ నోటి మీది కొంగు తీసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. “అమ్మా, సెప్పీ,” అన్నాడు మరిది. ఆవిడ వాడికేసి చూడలేదు. మెల్లగా తెర దగ్గరికి వచ్చి, చేపల కత్తి గాట్లు పడ్డ వేలితో కొడుకు కణత మీద రాసింది.

“ఆడికి ఎంటికలు పండిపోనాయిరా,” అంది. “ఆల నాన్నకిలాగే, సెవి కాడ ముందు.”

మరిది మళ్లీ ఏదో అనబోతే, “నోరు ముయ్యిరా. కోడలికి ఎయ్యమను మాల. ఆడికొద్దు,” అంది. కార్డు మీద ‘దుఃఖితులు’ అన్నచోట మొట్టమొదట ‘భర్త’ అని వేసి ఆయన పేరు పెట్టాను. మరిది ముక్కుతూ మూలుగుతూ పట్టుకెళ్లాడు.

ఇంతటితో అయిపోయిందనే అనుకున్నాను. మొన్న జూన్‌లో, బోట్లు సముద్రంలోకి దిగిన రోజున, మధ్యాహ్నం ముసలమ్మ ఒక్కర్తీ నా కొట్టుకి వచ్చింది. మెట్టెక్కి లోపలికి వచ్చింది. స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, “ఈ యేడు ఆడికి వయసు ఎయ్యనేదేటి?” అంది.

“అమ్మా, నాకు రాదమ్మా ఆ పని,” అన్నాను.

“నాను సెప్తాను కదేటి, నువ్వు గియ్యి. ఆల నాన్నని నాను సూణ్ణేదేటి? ముక్కు పక్కన గీత లోతవుతాది. కింద పెదవి కాసింత ఏలాడతాది.” ఫ్యాన్ తనే ఆపింది. నేను కొత్త పొర వేసి, వంకర చేత్తో గీశాను. తప్పైనచోట “అలక్కాదు, అలక్కాదు” అని నా భుజం మీద తట్టింది. అయ్యాక ఒక కాగితం మీద తీసిచ్చాను. దాన్ని చూసి, “సలికి ఏటి కప్పుకుంటన్నాడో,” అని లేచి వెళ్లిపోయింది. కాగితం బల్ల మీదే మర్చిపోయింది.

గుమ్మంలోకి పరిగెత్తాను. ముసలమ్మ అప్పటికే సందు మలుపు దగ్గర, ఆటోల మధ్యనుంచి వంగి వంగి పోతోంది. ‘అమ్మా’ అని పిలవబోయి నోరు మూసుకున్నాను. పక్క సందులోంచి అడ్డంపడి పరిగెత్తి, మెయిన్ రోడ్డు మీద ఆవిడ కంటే ముందుకి పోయి, ఎదురుగా నిలబడి కాగితం చేతికిచ్చాను. రొప్పుతున్నాను. ముసలమ్మ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“ఎనకనించి పిలవకుండా వొచ్చినావు కదా నాయనా,” అంది. “మా కోడలు సెప్పిందేటి?”